1659లో న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇల్లు అమ్మాలంటే: మీ నవలలోని ఆ సన్నివేశం గురించి

నమస్తే అండీ. మీరు అడిగింది ముందు ఒకసారి చెప్పుకుందాం, తరువాత చదివేవాళ్లకు కూడా అర్థమవుతుంది. న్యూయార్క్ ఇంకా డచ్చివాళ్ల న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌గా ఉన్న 1659లో ఒక వడ్రంగి తన ఇల్లు అమ్మేసి, హడ్సన్ నది మీద ఎగువకు ప్రయాణించి, ఇప్పుడు ఆల్బనీ అంటున్న బెవర్‌వైక్‌లో ఇంకో ఇల్లు కొంటాడు. మీరు రాసిన సన్నివేశంలో కొనేవాడు బంగారు నాణేల సంచి బల్ల మీద పెడతాడు, మన వడ్రంగి కాగితం మీద సంతకం చేసి తాళంచెవి చేతికిస్తాడు, సాయంత్రానికి పడవ ఎక్కేస్తాడు. ఇది నిజానికి దగ్గరగా ఉందా అని అడిగారు.

సంచి తప్పు. ఆ రోజు ఆ కాగితం కూడా తప్పే. తాళంచెవి సంగతి చివర్లో చూద్దాం.

నేను ఆల్బనీ దగ్గర, ఆస్తి హక్కు ఎవరిదో కాగితాలు చూసి తేల్చే ఒక టైటిల్ కంపెనీలో ఇరవై ఏళ్లకు పైగా పాత దస్తావేజులు చూస్తున్నాను. మా ఉద్యోగానికి 1650ల దాకా వెనక్కి వెళ్లనక్కర్లేదు. అది నా సొంత పిచ్చి. ఆ డచ్చి కాగితాలు చాలావరకు ఇక్కడి స్టేట్ ఆర్కైవ్స్‌లోనే ఉన్నాయి. 1911లో స్టేట్ లైబ్రరీ తగలబడినప్పుడు కొన్ని అంచులు మాడిపోయాయి, అయినా మధ్యలో రాత నిలిచింది. డచ్చి భాష రాకపోయినా ఫర్వాలేదు, ఇంగ్లీషు అనువాదాలు చదివినా ఆ ఊళ్లో ఎవరు ఎవరికి ఎంత బాకీయో తెలిసిపోతుంది.

మనకు ఇల్లు అమ్మడమంటే రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లే ఆ ఒక్క రోజు. డబ్బు, సంతకం, వేలిముద్ర, ఫోటో అన్నీ అప్పుడే అయిపోతాయి. అక్కడ అమ్మకం మూడు వేర్వేరు పనులు. మొదట బేరం కుదరాలి. తరువాత వాయిదాల్లో డబ్బు ముట్టాలి, దానికి ఒక్కోసారి రెండు మూడేళ్లు పట్టేది. చిట్టచివర అమ్మినవాడు ఊరి పంచాయతీ ముందు నిలబడి హక్కు వదులుకుంటున్నానని చెప్పాలి. దీన్ని వాళ్లు ‘ట్రాన్స్‌పోర్ట్’ అనేవారు. ఈ మూడింటి మధ్య ఉన్న ఎడంలోనే మీ నవలకు కావలసిన టెన్షన్ అంతా ఉంది. మీరు దాన్నంతా ఒక సాయంత్రంలో ఖర్చు పెట్టేశారు.

డబ్బుతో మొదలుపెడతాను, ఎందుకంటే అందరూ బోల్తా పడేది ఇక్కడే. ఆ వలస రాజ్యంలో బంగారం, వెండి నాణేలు కనబడటం అరుదు. లెక్క మాత్రం గిల్డర్లలో రాసేవారు: గిల్డర్‌కు 20 స్టైవర్లు. కానీ గిల్డర్ అన్నది పుస్తకంలో మాట, చేతికి వచ్చేది వేరు. ఒకటి బీవర్ తోలు. నదుల్లో కట్టలు కట్టుకుని బతికే ఆ జంతువు బొచ్చుతో యూరప్‌లో టోపీలు చేసేవారు, ఆ వ్యాపారం కోసమే ఈ వలస పుట్టింది. మంచి తోలు ఒకటి 8 గిల్డర్లు అని లెక్క కట్టేవారు. రెండోది సెవాంట్, అంటే సముద్రపు గవ్వలను అరగదీసి స్థానిక జాతులవాళ్లు తయారుచేసే పూసలు, తెల్లవీ నల్లవీ. తెల్ల పూసల విలువ నల్లవాటిలో సగం. 1650లో ప్రభుత్వం వేసిన లెక్క ప్రకారం స్టైవర్‌కు ఆరు తెల్ల పూసలు. ఆ దశాబ్దం చివరికి అది ఎనిమిదికి జారింది. మూడోది హాలండ్ డబ్బు, ఆమ్‌స్టర్‌డామ్‌లో చెల్లించేది, అన్నిటికన్నా గట్టిది.

ఇప్పుడు మీ వడ్రంగి ఇల్లు 1,200 గిల్డర్లు అనుకోండి. బీవర్లలో అయితే 150 తోళ్లు. పూసల్లో అయితే, ఎనిమిదేసి లెక్కన, 1,92,000 తెల్ల పూసలు. వాటిని ఎవరు లెక్కపెడతారండీ? బారల్లో కొలిచే దండలుగా గుచ్చి ఉంచేవారు, అయినా విరిగినవి, సరిగా తొలవనివి కలిపేశారన్న తగాదాలు కోర్టు పుస్తకాల నిండా ఉన్నాయి. ఇంకో మెలిక ఉంది. ప్రభుత్వం ఏ రేటు ప్రకటించినా బజార్లో పూస పడిపోతూనే ఉండేది. ఒక బీవర్ కొనాలంటే పూసల్లో పదహారు గిల్డర్లు పెట్టాల్సిన రోజులు వచ్చాయి. అంటే ‘1,200 గిల్డర్లు’ అని ఒప్పుకుని, దేనిలో అన్నది రాసుకోకపోతే, అమ్మినవాడికి 150 తోళ్ల విలువకు బదులు 75 తోళ్ల విలువ ముడుతుంది. సగానికి సగం. అందుకే ఒప్పందాల్లో ‘మంచి, నిండు, అమ్ముడుపోయే బీవర్ తోళ్లు, ఒక్కొక్కటి ఎనిమిది గిల్డర్లు’ అని అంత వివరంగా రాసుకునేవారు. మన వైపు ‘చలామణిలో ఉన్న రూపాయిలు’ అని పాత దస్తావేజుల్లో రాసినట్టు.

కాబట్టి బేరం సీన్‌లో వాళ్లిద్దరూ ధర గురించి వాదించుకోనవసరం లేదు. ధర త్వరగానే తేలిపోతుంది. అసలు వాదన దేనిలో ఇస్తావు, ఎప్పుడెప్పుడు ఇస్తావు అన్నదాని మీద. బెవర్‌వైక్ వైపు వాయిదాలు వేసవి వ్యాపార కాలాన్ని బట్టి పెట్టుకునేవారు, ఎందుకంటే తోళ్లు ఊళ్లోకి వచ్చేది అప్పుడే. ‘వచ్చే జులైలో సగం, ఆపై జులైలో మిగతాది’ అన్నట్టు.

ఆ అంకెలు ఎంత పెద్దవో పాఠకుడికి తెలియాలంటే ఒకటి రెండు పోలికలు పెట్టుకోండి. ఈ వలసను నడిపిన డచ్చి పశ్చిమ దేశాల కంపెనీలో సిపాయి జీతం నెలకు సుమారు 8 గిల్డర్లు. వలస పాలకుడు, డైరెక్టర్ జనరల్ పీటర్ స్టైవెసంట్ 1651లో మన్‌హాటన్‌లో కంపెనీ వాళ్ల పెద్ద వ్యవసాయ క్షేత్రాన్ని 6,400 గిల్డర్లకు కొన్నాడు. ఊళ్లోని ఒక మంచి ఇల్లు 1655లో వేలంలో 1,860 గిల్డర్లకు పోయింది. ఆ ఇంటి కథ వేరే ఉంది, ముందుకెళ్లాక చెబుతాను.

ఇక బేరం. ఇళ్ల బ్రోకర్లు అక్కడ లేరు. రెండు దార్లు: తెలిసినవాడికి నేరుగా అమ్మడం, లేదా వేలం. తెలిసినవాడితో బేరం చాలాసార్లు సారాయి కొట్లోనే కుదిరేది, కుదిరాక అందరికీ తాగించడం ఆనవాయితీ. తెల్లారి మత్తు దిగాక ‘అయ్యో’ అనుకునేవాళ్లు కూడా ఉంటారు కదా. అలాంటివాడు కొంత ముట్టజెప్పి బయటపడే వీలుండేది. దానికి డచ్చిలో ‘రౌకోప్’ అని పేరు, పశ్చాత్తాపానికి కట్టే వెల అన్నమాట. మన సంచకారం వదులుకోవడం లాంటిదే, కాకపోతే పేరు మాత్రం నిజాయితీగా పెట్టుకున్నారు.

వేలం అయితే పద్ధతి ఇంకా కట్టుదిట్టం. ముందు కార్యదర్శి నిలబడి షరతులు పైకి చదువుతాడు: ఏ సరుకుతో చెల్లించాలి, ఎన్ని వాయిదాలు, ఎప్పుడు స్వాధీనం, ఖర్చులు కొన్నవాడివే అని. హాలండ్‌లో ఇళ్ల వేలానికి పాత పద్ధతి ఒకటుంది, మొదట పాట పైకి వెళ్తుంది. ఆ తరువాత ఇంకా పెద్ద మొత్తం నుంచి కిందికి దిగుతూ వస్తారు, ఎవడైతే ‘మైన్’ అని, అంటే ‘నాది’ అని ముందు అరుస్తాడో వాడిదే ఇల్లు. పాడినవాడు అక్కడికక్కడే ఇద్దరు జామీనుదార్లను చూపించాలి. జామీను అంటే మాట సాయం కాదు, ‘ఇతను కట్టకపోతే బాకీ మాదే’ అన్నట్టు తమ ఆస్తులన్నీ అడ్డుపెట్టి సంతకం చేయడం. అసలువాణ్ణి అడిగాకే మమ్మల్ని అడగాలి అనే హక్కును కూడా లాటిన్ మాటల్లో వదిలేసుకునేవారు. జామీను దొరకలేదా, ఇంటిని మళ్లీ వేలం వేస్తారు. రెండోసారి తక్కువ వస్తే ఆ తేడా మొదట పాడినవాడే కట్టాలి. ఎక్కువ వస్తే వాడికి పైసా రాదు. ఈ షరతు నాకు చాలా ఇష్టం. కొట్లో కూర్చుని గొప్పకోసం పాట పెంచేవాళ్లకు ఇంతకన్నా మందు లేదు. మీ విలన్ ఇలా ఇరుక్కుంటే బాగుంటుంది కదా, ఆలోచించండి.

ఇంటితో పాటు ఏమేం వెళ్తాయి? మన క్రయ దస్తావేజుల్లో ‘నిధి నిక్షేప జల తరు పాషాణ’ అంటూ అష్టభోగాలూ అమ్మేస్తాం. వాళ్లు ఒక్క ముక్కలో తేల్చేశారు: ‘నేలకు నాటుకున్నదీ, మేకుతో బిగించినదీ’. ఆ రెండూ ఇంటితో పోతాయి. మిగతాది అమ్మినవాడు పట్టుకెళ్లొచ్చు. గోడలోకి అల్మరాలా కట్టిన పడక పెట్టె ఇంటిదే. కాళ్లున్న బల్ల నీది. మీ కథానాయకుడు వడ్రంగి కాబట్టి ఈ మేకు సంగతి మీద ఒక పేజీ నడపొచ్చు. అమ్మకం కుదిరిన రాత్రి పనిబల్లకున్న మేకులు పీకేస్తాడా? ఇంకొకటి కూడా ఉంది. చెక్క ఇళ్లు పెద్ద దూలాల చట్రం మీద, చెక్క మేకులతో కూర్చినవి. విప్పి ఇంకోచోట నిలబెట్టొచ్చు. నేల లేకుండా ఇల్లు మాత్రమే, ‘కొన్నవాడు విప్పి తీసుకెళ్లాలి’ అన్న షరతుతో అమ్మిన సందర్భాలున్నాయి. మనకు ఇల్లు స్థిరాస్తి. వాళ్లకు ఒక్కోసారి సామాను.

కొలతలు గజాల్లో కాదు, రాడ్లలో, అడుగుల్లో. రైన్‌లండ్ రాడ్‌కు 12 అడుగులు, ఆ అడుగు 31.4 సెంటీమీటర్లు, కాబట్టి రాడ్ అంటే 3.77 మీటర్లు. ఆమ్‌స్టర్‌డామ్ రాడ్ వేరు, అడుగు వేరు, 13 అడుగుల రాడ్. ఏ కొలతో రాయకపోతే వెనక పెరట్లో అర అడుగు తేడా వస్తుంది, అర అడుగు చాలు కదా తరతరాల పగకు. హద్దులు మన చెక్కుబందీలాగే: తూర్పున ఫలానా వాడి ఇల్లు, పడమర వీధి అని. పొరుగువాడు ఇల్లు అమ్ముకుని పోతే ఆ హద్దు కూడా పోయినట్టే, ఇది ఇప్పటికీ మాకు తలనొప్పి. 1657 నుంచి జాక్ కోర్టెల్యూ అనే సర్వేయర్ జనరల్ ఉండేవాడు. 1660లో అతను చేసిన ఊరి సర్వే నుంచి గీసిన బొమ్మ ఒకటి ఇటలీలో ఫ్లారెన్స్ దగ్గర ఒక భవంతిలో దొరికింది, దాన్ని కాస్టెల్లో ప్లాన్ అంటారు. వెతికి చూడండి, మీ వడ్రంగి ఇల్లు వేలుపెట్టి చూపించగలరు. ఆ ఏడాది లెక్కలో ఊళ్లో 342 ఇళ్లు. నాలుగేళ్ల ముందు 120 ఇళ్లు, వెయ్యి మంది. అంటే మీ కథ నడిచే కాలం కట్టుబడి జోరుగా ఉన్న కాలం, వడ్రంగికి పని కరువు లేదు. మరి ఎందుకు వెళ్తున్నాడు అన్నది మీరు సమర్థించుకోవాలి. తోళ్ల ఆశ అని చెబితే చాలు, బెవర్‌వైక్ వెళ్లినవాళ్లలో చాలామందికి అదే ఆశ.

అప్పటి రియల్ ఎస్టేట్ పిచ్చి గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. ప్రాకారం లోపల వందల ప్లాట్లు ఖాళీగా పడి ఉండేవి. రేటు పెరిగాక అమ్ముదామని కొందరు, పళ్లతోటలు పెంచుకుందామని కొందరు పట్టుకుని కూర్చున్నారు. కొత్తగా వచ్చినవాళ్లకు ఇల్లు కట్టుకునే జాగా లేదు. 1658లో స్టైవెసంట్ ఒక చట్టం తెచ్చాడు: ఖాళీ ప్లాటు విలువ ఎంతో యజమానే చెప్పాలి, కట్టకుండా ఉంచినన్నాళ్లూ ఏటా అందులో పదిహేనో వంతు పన్ను కట్టాలి. పన్నుకు భయపడి తక్కువ విలువ చెప్పాడా, ఊరి పెద్దలు అదే ధరకు ప్లాటు తీసుకుని ఇల్లు కట్టేవాడికి ఇచ్చేయొచ్చు. ఎక్కువ చెబితే పన్ను, తక్కువ చెబితే ప్లాటు గోవిందా! హైదరాబాద్ చుట్టూ ఫెన్సింగ్ వేసి పదేళ్లుగా వదిలేసిన వెంచర్లు చూసినప్పుడల్లా నాకిది గుర్తొస్తుంది.

చూరునీళ్లు. ఇది మీరు అడగలేదు, కానీ రాయండి. మా అమ్మమ్మగారి ఇల్లు పాలకొల్లు దగ్గర, పొరుగింటి చూరునీళ్లు మా గోడ పక్కన పడుతున్నాయని మా తాత రెండు దశాబ్దాలు మాట్లాడటం మానేశాడు. పాలకొల్లులోనూ డచ్చివాళ్ల వర్తక స్థావరం ఉండేది, అయితే అది తూర్పు దేశాల కంపెనీ. న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌ది పశ్చిమ దేశాల కంపెనీ, రెండూ వేరు. బెవర్‌వైక్ ఇళ్లు ముఖం సన్నగా, కొప్పు వీధివైపు ఉండేలా పక్కపక్కనే కట్టేవారు. అంటే వాననీరు రెండు పక్కలా పొరుగువాళ్ల మధ్య సందులోకే పడుతుంది. అందుకే దస్తావేజుల్లో చూరునీటి హక్కును ప్రత్యేకంగా రాసుకునేవారు. కొనేవాడు అడగాల్సిన మొదటి ప్రశ్నల్లో అదొకటి. ఇంకొకటి పొగగొట్టం. 1648లోనే చెక్క పొగగొట్టాలు కొత్తగా కట్టకూడదని చట్టం చేసి, తనిఖీకి మనుషుల్ని పెట్టారు. మసి తీయకపోతే మూడు గిల్డర్ల జరిమానా, నిర్లక్ష్యం వల్ల ఇల్లు అంటుకుంటే 25. గడ్డి కప్పు, చెక్క గొట్టం ఉన్న ఇల్లు చవగ్గా వస్తోందంటే కొన్నవాడు అది తీయించే ఖర్చు కూడా వేసుకోవాలి.

ఇక కాగితం. మొదటి కాగితం ‘గ్రోండ్‌బ్రీఫ్’, అంటే డైరెక్టర్ జనరల్, కౌన్సిల్ ఇచ్చిన పట్టా. మన లింక్ డాక్యుమెంట్లలో అన్నిటికన్నా అడుగున ఉండేది. అందులో చిత్రమైన షరతులుండేవి. 1638 నాటి నియమాల ప్రకారం సాగు భూమికి పదేళ్ల తరువాత పంటలో పదోవంతు, ఇంటికీ ప్లాటుకూ ఏటా ఒక జత కోళ్లు కంపెనీకి ఇవ్వాలి. ఇల్లు చేతులు మారినప్పుడు చేసే ట్రాన్స్‌పోర్ట్‌లో ఈ పట్టా తేదీ చెప్పి, దాని బలంతో అమ్ముతున్నానని రాస్తారు.

1653 ఫిబ్రవరిలో న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌కు సొంత పురపాలన వచ్చింది: ఒక స్కౌట్ (నేరాలు చూసే అధికారి), ఇద్దరు బర్గమాస్టర్లు (మేయర్లు), ఐదుగురు స్కేపెన్‌లు. స్కేపెన్‌లంటే న్యాయం చెప్పే ఊరిపెద్దలు. అంతకు ముందు కంపెనీ కార్యదర్శి దగ్గర జరిగే పని ఇప్పుడు వీళ్ల ముందు, రేవు ఒడ్డున ఉన్న స్టాట్ హైస్‌లో జరిగేది. అది అంతకు ముందు కంపెనీ కట్టించిన సత్రం, తరువాత టౌన్‌హాల్ అయింది. అమ్మినవాడు వచ్చి ‘నిజమైన, స్వేచ్ఛాయుతమైన యాజమాన్యంగా బదిలీ చేస్తున్నాను, సర్కారు హక్కు మినహా మరే భారమూ లేదు, మొదటి పెన్నీ నుంచి ఆఖరి పెన్నీ దాకా నాకు ముట్టింది’ అని చెబుతాడు. రాసింది చదివి వినిపించాక సంతకం చేస్తాడు, స్కేపెన్‌లు, కార్యదర్శి కింద సంతకాలు పెడతారు. పుస్తకంలో అది ఉంటుంది, నకలు కొన్నవాడికి.

ఇక్కడ నా ఉద్యోగపు అనుమానం ఒకటి చెప్పాలి. ‘మొదటి పెన్నీ నుంచి ఆఖరి పెన్నీ దాకా’ అన్నది ప్రతిసారీ నిజం కాదు. అదొక మంత్రం. అదే రోజున, పక్క పేజీలోనే, కొన్నవాడు ఆ ఇంటినే అమ్మినవాడికి తాకట్టు పెట్టి మిగతా వాయిదాలు కడతానని రాసిచ్చిన కాగితం కనిపిస్తుంది. మన దగ్గర కూడా ‘క్రయధనం యావత్తూ నాకు ముట్టినది’ అని రాసి, ప్రామిసరీ నోటు జేబులో పెట్టుకుని వచ్చినవాళ్లు లేరా? కాబట్టి మీరు రెండు విధాలుగా నడపొచ్చు. మొత్తం ముట్టేదాకా ట్రాన్స్‌పోర్ట్ ఆపడం ఒకటి, అప్పుడు మీ వడ్రంగి బెవర్‌వైక్‌లో ఉండగా న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎవరికో ముక్త్యారునామా ఇచ్చి, వాళ్లను నమ్ముకుని ఉండాలి. రెండోది, ట్రాన్స్‌పోర్ట్ ఇచ్చేసి బాకీ పత్రం పట్టుకెళ్లడం. ఆ బాకీ పత్రాన్నే బెవర్‌వైక్‌లో కొనే ఇంటికి కొంత సొమ్ము కింద ఇంకొకరికి బదిలీ చేయొచ్చు. నాకైతే రెండోదే బాగుంది. ఒకడి బాకీ ఇంకొకడికి చెల్లింపు, అది ఇంకెవరికో జామీను. ఊరు ఊరంతా ఇలా ఒకరి చిటికెన వేలు ఒకరు పట్టుకుని నిలబడినట్టు ఉండేది.

మీ వడ్రంగికి పెళ్లయిందన్నారు. భార్యను సన్నివేశం బయట ఉంచకండి. డచ్చి చట్టంలో భార్యాభర్తల ఆస్తి ఉమ్మడి, ప్రత్యేకంగా వేరే ఒప్పందం రాసుకుంటే తప్ప. ఆడవాళ్లు పుట్టింటి పేరుతోనే సంతకం చేసేవారు, వ్యాపారాలు చేసేవారు, కోర్టుకెక్కేవారు. భర్త చనిపోతే ఇల్లు అమ్మే విధవలు దస్తావేజుల్లో అడుగడుగునా కనిపిస్తారు. ఒకవేళ ఆమెకు ఇది రెండో పెళ్లయి, మొదటి భర్త పిల్లలు మైనర్లుగా ఉంటే ఇల్లు అమ్మేముందు పిల్లల వాటా తేల్చాలి. దానికి అనాథ పిల్లల ఆస్తి చూసే అధికారులు ఊళ్లో ప్రత్యేకంగా ఉండేవారు. వాళ్లు అడ్డం పడితే పడవ తప్పిపోయినట్టే.

పైన చెప్పిన 1,860 గిల్డర్ల ఇల్లు. 1655లో సాల్వడోర్ డి అండ్రాడా అనే యూదు వ్యాపారి దాన్ని వేలంలో పాడుకున్నాడు. డబ్బుకు లోటు లేదు, పాట కూడా సక్రమమే. కౌన్సిల్ మాత్రం యూదుడు కాబట్టి ట్రాన్స్‌పోర్ట్ ఇవ్వడానికి ఒప్పుకోలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని కంపెనీ డైరెక్టర్లు 1656 జూన్‌లో ఉత్తరం రాస్తూ, యూదులను స్థిరాస్తి కొననివ్వకపోవడం మాకు నచ్చలేదని స్టైవెసంట్‌ను మందలించారు. కొన్నేళ్లకు ఆసెర్ లేవీ అనే ఆయన ఆ వలసలో ఇళ్లు కొనుక్కున్నాడు. బేరం, వాయిదా, ట్రాన్స్‌పోర్ట్ వేర్వేరు అని అన్నాను కదా, మూడో మెట్టు మీద ఎవరిని ఆపాలన్నా ఆపొచ్చు అని దీన్నిబట్టి మీకు తెలుస్తుంది.

ఇంకొక పాత్రకు కూడా చోటు పెట్టండి. 1644 ఫిబ్రవరిలో కంపెనీ బానిసలుగా ఉన్న పదకొండు మంది నల్లవాళ్లు విడుదల కోరి అర్జీ పెట్టుకున్నారు. వాళ్లకు సగం స్వేచ్ఛ దొరికింది. ఏటా 30 స్కేపల్‌ల (డచ్చి కొలత) ధాన్యం, ఒక బలిసిన పంది కంపెనీకి కట్టాలి, పిలిచినప్పుడు పనికి రావాలి. పిల్లలు, పుట్టబోయేవాళ్లు కూడా, బానిసలే. అలాంటివాళ్లకే ఊరి ప్రాకారానికి ఆవల, ఇప్పటి బౌరీ దారి పక్కన, గ్రోండ్‌బ్రీఫ్‌లు ఇచ్చారు. చేతిలో పట్టా ఉంది, పిల్లలు చేతిలో లేరు. నేను చదివిన కాగితాల్లో మళ్లీ తీయబుద్ధి కానిది అదే. ఇక భూమి మొదట ఎవరిదన్న ప్రశ్నకు లెనాపి జాతివాళ్ల దగ్గర కొన్నామని కంపెనీ జవాబు: 1626లో మన్‌హాటన్‌కు ఇచ్చిన సరుకుల విలువ 60 గిల్డర్లు. మీ వడ్రంగి ఇంటి ధరలో ఇరవయ్యో వంతు. లెనాపీల దృష్టిలో అది ఆ నేలను కలిసి వాడుకోవడానికి ఒప్పుకోవడమే తప్ప, తాము వెళ్లిపోవడానికి కాదు.

బెవర్‌వైక్ వైపు ఒక టైటిల్ తగాదా మాత్రం తప్పకుండా వాడుకోండి. అక్కడి ఓరంజ్ కోట కంపెనీది, చుట్టూ ఉన్న భూములు రెన్సెలార్ కుటుంబం జమీందారీ. కోట పక్కన ఇళ్లు కట్టుకున్నవాళ్లకు జాగా ఇచ్చింది జమీందారు మనిషి. 1652 ఏప్రిల్‌లో స్టైవెసంట్ కోట నుంచి 3,000 అడుగుల దూరం దాకా అంతా కంపెనీదే అని ప్రకటించి, కొత్త కోర్టు పెట్టి, కొత్త పట్టాలిచ్చాడు. 1659లో మీవాడు కొనే ఇంటికి అడుగు కాగితం ఎవరిచ్చారు, ఆ 3,000 అడుగుల లోపల ఉందా బయట ఉందా అన్నది చూసుకోవాలి. కొట్టు పెట్టుకునే ఉద్దేశం ఉంటే న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌లో 1657 నుంచి 20 గిల్డర్లు కట్టి బర్గర్ హక్కు, అంటే ఊళ్లో వ్యాపారం చేసుకునే పౌరహక్కు, తీసుకోవాలి. అది మీ వడ్రంగి ఇల్లు కొనేవాడికి వర్తిస్తుంది.

1664లో ఇంగ్లీషు వాళ్లొచ్చాక ఈ కాగితాలన్నీ చెల్లకుండా పోయాయా అని కూడా అడిగారు. లేదు. లొంగుబాటు ఒప్పందంలోనే ఇళ్లూ భూములూ ఎవరివి వాళ్లవే అని, వారసత్వంలో డచ్చి ఆచారాలే నడుస్తాయని రాశారు. తరువాత ఇంగ్లీషు గవర్నర్ నికల్స్ అందరినీ కొత్త పట్టాలు తీసుకోమన్నాడు. ప్రభుత్వం మారితే పాస్‌బుక్ మారడం మనకు కొత్తేం కాదు.

చివరగా ఆ తాళంచెవి. అది ఉంచండి, రోజు మాత్రం మార్చండి. అక్కడ అద్దె గడువులు తీరేదీ, ఇళ్లు ఖాళీ చేసేదీ మే 1న. న్యూయార్క్‌లో ఆ రోజు ఇల్లు మారే అలవాటు ఇరవయ్యో శతాబ్దం దాకా సాగింది. శీతాకాలంలో హడ్సన్ గడ్డకట్టి ఉంటుంది కాబట్టి పడవ కూడా వసంతంలోనే. బేరం ఫిబ్రవరిలో సారాయి కొట్లో, ట్రాన్స్‌పోర్ట్ ఏప్రిల్‌లో స్టాట్ హైస్‌లో, మొదటి వాయిదా బీవర్ల కట్ట అదే వేసవిలో. మే 1 పొద్దున్న సామాన్లు బండికెక్కించాక మీవాడు తాళంచెవి కొన్నవాడి చేతికిచ్చి, మేకులు పీకిన పనిబల్లను తాడుతో కట్టి, రేవు వైపు నడుస్తాడు. అప్పటికి అతని చేతిలో నాణెం ఒక్కటి కూడా ఉండదు. జేబులో ఒక బాకీ పత్రం మాత్రం ఉంటుంది.